ఇతర ఖర్చులు

ఇంటి పద్దులు రాసే మగవాణ్ణి బయటివాళ్లు బుద్ధిమంతుడంటారు, ఇంట్లోవాళ్లు పిసినారంటారు. పెళ్లయిన మొదటి నెల నుంచీ, అంటే 1994 నుంచీ, నేను రెండు మాటలూ పడుతూనే ఉన్నాను. ఏడాదికొక పుస్తకం. అట్ట మీద సంవత్సరం, లోపల ఎడమవైపు జమ, కుడివైపు ఖర్చు, అడుగున వెరశి. ఆఫీసులో చేసేదీ అకౌంట్స్ పనే కాబట్టి చెయ్యి తిరిగింది. మా అమ్మాయి పుట్టిన రోజున కూడా ఆస్పత్రి బల్ల మీద కూర్చుని ఆటోకెంత, ఫ్లాస్కుకెంత, ఆయమ్మ చేతిలో పెట్టిందెంత అని రాసుకున్నానట. మా అత్తగారు ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెబుతారు. ఖర్చు రాసినందుకు కాదు ఆవిడ బాధ. ఆ రోజు పేజీలో జమ వైపు ఏమీ లేదట!

రాత్రి భోజనాలయ్యాక మా ఆవిడ గుమ్మం దగ్గర కూర్చుని ఆనాటి ఖర్చులు చెప్పేది. నేను రాసేవాణ్ణి. వంకాయలు ఇంత, కరివేపాకు ఇంత, పిల్లాడి స్కూల్లో రంగు కాగితాలకు ఇంత. ఎప్పుడైనా ధర కాస్త ఎక్కువనిపించి కళ్లజోడు పైకి తోస్తే చాలు, "రేపట్నుంచి మీరే తెండి సంచీ పట్టుకుని" అనేది. నేను కళ్లజోడు కిందికి దించి రాసేసేవాణ్ణి. ఆడిట్ అభ్యంతరాలు ఆఫీసులో పనిచేసినట్టు ఇంట్లో పనిచేయవు.

ఆవిడ చెప్పిన ధరల్లో మర్మం నాకు చాలా ఏళ్లకి గానీ తెలియలేదు. 1999లో రైతుబజార్లు వచ్చాయి కదా. ఏ కూర కిలో ఎంతో పొద్దున్నే బోర్డు మీద రాసిపెడతారు, బయటి కంటే నాలుగైదు రూపాయలు తక్కువ. మా ఆవిడ రైతుబజారులో కొనేది, మా వీధిలోకి వచ్చే తోపుడుబండి ధర చెప్పేది. మధ్యలో దళారీ లేకుండా రైతు నుంచి నేరుగా జనానికి చేరాలని సర్కారు పెట్టిన ఏర్పాటది. మా ఇంట్లో మాత్రం దళారీ మిగిలిపోయింది. 2015లో కందిపప్పు కిలో రెండు వందల దాకా పోయింది. తర్వాత దేశమంతా దిగింది. మా వంటింట్లో దిగలేదు.

అలాగని నేను మోసపోతూ కూర్చున్న అమాయకుణ్ణని అనుకోకండి. నా పద్దుల్లో "ఇతర ఖర్చులు" అని ఒక శీర్షిక ఉండేది. జీతం బ్యాంకులో పడుతుంది, పాస్‌బుక్కు మా ఆవిడ చూస్తుంది, ఏటీఎంలో తీసిన ప్రతి రూపాయికీ పుస్తకంలో ఒక గతి చూపించాలి. అందుకని స్కూటర్‌కి పంక్చర్లు పడేవి. ఒక్కో నెల వారానికొకటి పడేది. బెజవాడ రోడ్ల గురించి తెలిసినవాళ్లు ఎవరూ అనుమానించరు. ఆఫీసులో పెళ్లిళ్ల చదివింపులు, పదవీ విరమణ వీడ్కోళ్ల చందాలు కూడా బాగా పనికొచ్చేవి. ఒక్కసారి మాత్రం పొరపాటు దొర్లి, మా సెక్షన్‌లో ఒక పెద్దాయన కూతురికి రెండేళ్ల తేడాలో రెండుసార్లు పెళ్లి చేశాను. ఎవరూ చూడలేదని అప్పట్లో ఊపిరి పీల్చుకున్నాను.

ఆ డబ్బుతో ఏం చేసేవాడివని అడుగుతారు. పెద్దగా ఏమీ లేదు. జనవరి ఒకటిన పుస్తక మహోత్సవం మొదలైతే ఇంట్లో లెక్క చెప్పకుండా నాలుగు పుస్తకాలు కొనుక్కోవడం, పాత స్నేహితుడు వస్తే హోటల్‌కి తీసుకెళ్లి బిల్లు నా వైపు లాక్కోవడం, అంతే. జేబులో అడగకుండా ఖర్చుపెట్టుకునే నోటు ఒకటుంటే మగాడి నడకే వేరు. పెళ్లయినవాళ్లకు వివరించక్కర్లేదు, పెళ్లికానివాళ్లకు వివరించినా తెలియదు.

దాచడానికి చోటు వెతుక్కోవడమే అసలు చిక్కు. మధ్యతరగతి ఇంట్లో మగాడికి సొంత చోటంటూ ఏదీ ఉండదు. బీరువాలో నాకున్నది ఒక అర, అందులోనూ సగం పిల్లల స్వెట్టర్లు. చివరికి లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లో కొన్న శబ్దరత్నాకరం అక్కరకొచ్చింది. బహుజనపల్లి సీతారామాచార్యులవారు 1885లో వెలువరించిన నిఘంటువు. పిల్లలిద్దరూ ఇంగ్లీషు మీడియం, మా ఆవిడ వారపత్రికలే చదువుతుంది, అమ్మ భాగవతం తప్ప ముట్టదు. నిఘంటువు తెరిచే అవసరం మా ఇంట్లో ఎవరికీ పడదు. గుర్తుండటానికి "ధ" దగ్గర పెట్టేవాణ్ణి. ధనం కదా.

ఆ పుస్తకానికి ఏడాదికొక్కసారి అల్మరాలోంచి కదిలే యోగం ఉండేది. దసరాల్లో మూలా నక్షత్రం నాడు ఇంద్రకీలాద్రి మీద అమ్మవారికి సరస్వతి అలంకారం చేస్తారు. ఆ రోజు ఊళ్లో ప్రతి ఇంట్లోనూ పుస్తకాల పూజే. మా పిల్లలు ఏ సబ్జెక్టులో మార్కులు రావో ఆ పుస్తకాలే తెచ్చి పెట్టేవారు. వాటన్నిటికీ అడుగున పీఠానికి శబ్దరత్నాకరం. అట్ట మీద మూడు కుంకుమ బొట్లు, ఒక పువ్వు. మర్నాడు మళ్లీ అల్మరాలోకి. మొదట్లో నాకు కాస్త గుబులుగానే ఉండేది గానీ తర్వాత తర్వాత ధైర్యం వచ్చింది. పూజించిన పుస్తకాన్ని తెరిచి చదివే అలవాటు మనవాళ్లకు ఎప్పుడుంది గనక?

2016 నవంబర్ 8, మంగళవారం. కార్తీక మాసం. మా ఆవిడ శివాలయంలో దీపం పెట్టి వచ్చి వడ్డిస్తోంది. ఎనిమిది గంటలకు టీవీలో ప్రధాని వచ్చి, ఆ అర్ధరాత్రి నుంచి అయిదు వందల నోటు, వెయ్యి నోటు చెల్లవన్నారు. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉంది.

ఇలాంటిది మొదటిసారేం కాదు. 1978 జనవరిలో మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం వెయ్యి, అయిదు వేలు, పది వేల నోట్లు రద్దు చేసింది. నాన్న పల్లెటూరి బడిపంతులు. వెయ్యి నోటు ఎలా ఉంటుందో ఆయనకు తెలియదు. అందువల్ల ఆ కబురు మా ఇంట్లో బంగాళాఖాతంలో అల్పపీడనం వార్తలా వచ్చి పోయింది. ఈసారి తుపాను నేరుగా మా హాల్లోనే తీరం దాటింది.

"గాంధీగారి బొమ్మ ఉందిగా, ఎందుకు చెల్లదురా?" అంది అమ్మ. నేను నల్లధనం గురించి చెబుతుండగానే మంచం కింది ట్రంకుపెట్టె లాగించింది. కలరా ఉండల వాసనతో ఏడు అయిదు వందల నోట్లు బయటపడ్డాయి. నా ప్రతి పుట్టినరోజుకీ నాకే ఇవ్వాలని దాచి, మళ్లీ మనసొప్పక ఉంచుకున్నవట. మావాడు వాళ్ల తాతయ్య ఇచ్చిన నోటు డిబ్బీలోంచి చీపురుపుల్లతో తీశాడు. అందరం మా ఆవిడ వైపు చూశాం.

ఆవిడ కాసేపు కొంగు సర్దుకుంది. తర్వాత వంటింట్లోకి వెళ్లి బియ్యం డబ్బాలోంచి ప్లాస్టిక్ సంచీ తెచ్చింది. చుట్టలు చుట్టుకుపోయి, తవుడంటుకున్న అయిదు వందల నోట్లు. నేనే దులిపి లెక్కపెట్టాను. పదకొండు వేల అయిదు వందలు. "ఇంతేనా?" అన్నాను వెటకారంగా. "ఇంకొంచెం ఉందండీ" అని లోపలికి వెళ్లి, ఈసారి బీరువా తలుపు చప్పుడు చేసుకుంటూ వచ్చి, ఇంకో కట్ట పెట్టింది. అన్నీ మడత లేని సాపైన నోట్లు, ఎక్కువ వెయ్యివి. మా అమ్మాయి వాళ్లమ్మవి రెండూ కలిపి లెక్కేసి చెప్పింది: ముప్ఫై అయిదు వేల అయిదు వందలు.

"వీటికి ముడతయినా లేదేం?" అన్నాను.

"పట్టుచీరల మధ్య పెట్టానండీ."

"కుంకుమంటుకుందేం?"

"లక్ష్మీదేవి కదండీ."

అమ్మ ఒక నోటు అందుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. "పాత పుస్తకాల కొట్టు వాసనొస్తోందే అమ్మాయ్" అంది. "బీరువా కదా అత్తయ్యా, గాలి తగలదు" అంది మా ఆవిడ.

ఆ రాత్రి నేను మాట్లాడిన మాటలు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఇరవై రెండేళ్లుగా నా చేత దొంగ లెక్కలు రాయించావన్నాను. వంకాయల్లో ఎంత, కందిపప్పులో ఎంత మిగిల్చావో చెప్పమన్నాను. రైతుబజారు కథ అప్పుడే బయటికొచ్చింది. సంసారంలో దాపరికం ఉండకూడదన్నాను. నమ్మకం అన్నాను. పారదర్శకత అని కూడా అన్నట్టు గుర్తు. మా అమ్మాయి ఫోన్‌లోకి తల దించుకుంది. మా ఆవిడ మాత్రం ఒక్క మాటకీ ఎదురు చెప్పలేదు. "తప్పేనండీ" అంది మెల్లగా. అంత వినయం మా పెళ్లిలో తలంబ్రాలప్పుడు చూశాను, మళ్లీ అప్పుడే. నాకు జాలి వేసి, "సరే, నీ పేరు మీద నేనే బ్యాంకులో వేసి వస్తాలే" అని అభయమిచ్చాను.

అందరూ పడుకున్నాక ఫోన్ లైటు వేసుకుని అల్మరా దగ్గరికి వెళ్లాను. నా కట్టను ఏ పెట్రోలు బంకులో, ఏ రైల్వే కౌంటర్‌లో మార్చాలా అని దారి పొడుగునా ఆలోచన. అక్కడ మాత్రం పాత నోట్లు ఇంకా తీసుకుంటున్నారు. నిఘంటువు తెరిచాను. "ధ" దగ్గర చిటికెడు కుంకుమ ఉంది, ఇంకేమీ లేదు. "ద"లోకి వెళ్లాను, "న"లోకి వెళ్లాను. పుస్తకాన్ని తలకిందులు చేసి దులిపాను. ఎండిన బంతిపూరెక్క ఒకటి రాలింది.

"అర్ధరాత్రి ఏం వెతుకుతున్నావురా?" అంది అమ్మ మంచం మీంచి.

"ఒక మాటకు అర్థం అమ్మా."

"దొరికిందా?"

"లేదు."

చీకట్లోనే కుర్చీలో కూర్చుని లెక్క కట్టాను. పుస్తకంలో నేను పెట్టినవి ఇరవై వెయ్యి నోట్లు, ఎనిమిది అయిదు వందల నోట్లు. ఇరవై నాలుగు వేలు. హాల్లో తేలింది ముప్ఫై అయిదు వేల అయిదు వందలు. తీసేస్తే పదకొండు వేల అయిదు వందలు. అంటే బియ్యం డబ్బాలో దొరికినవి. ఒక్క రూపాయి తేడా లేదు. నా ఉద్యోగ జీవితంలో అంత చక్కగా సరిపోయిన ఖాతా ఇంకొకటి లేదు. ఆ ఏడు దసరా అక్టోబర్ 11. అంతకు మూడు రోజుల ముందు మూలా నక్షత్రం. సరస్వతికి బొట్టు పెట్టబోతే మా ఆవిడకు లక్ష్మి కనబడిందన్నమాట. చూసి, తీసుకుని, నెల రోజులు ఏమీ ఎరగనట్టు నాకు వంకాయల ధరలు చెబుతూ వచ్చింది.

పోనీ అడుగుదామా? ఏమని అడగను? "నీకు తెలియకుండా నేను దాచిన డబ్బు నాకు తెలియకుండా ఎందుకు తీశావు" అనాలి. గంట క్రితమే పారదర్శకత గురించి మాట్లాడి ఉన్నాను.

తొమ్మిదిన బ్యాంకులు మూసేశారు. పదో తారీకు సెలవు పెట్టి పొద్దున్నే వెళ్లాను. అప్పటికే వరస బ్యాంకు మెట్లు దిగి, ఆంజనేయస్వామి గుడి దాటి, టీకొట్టు దాకా వచ్చింది. ఆడవాళ్లకు వేరే వరస, ముసలివాళ్లకు వేరే వరస. ఎవరో పుణ్యాత్ముడు మజ్జిగ పోస్తున్నాడు. జిరాక్స్ కొట్టువాడు ఆధార్ కాపీలు తీసీ తీసీ ఆ వారంలో మా అందరికంటే బాగుపడి ఉంటాడు. కొత్త రెండు వేల నోటులో చిప్ ఉంటుందని, ఎక్కడ దాచినా ఉపగ్రహానికి తెలిసిపోతుందని నా ముందున్నాయన చాలా నమ్మకంగా చెబుతున్నాడు. నాకు ఆ చిప్ కంటే తెలివైనది ఇంట్లోనే ఉంది కాబట్టి భయం వేయలేదు.

ఆ వరసలో మొగుళ్లే ఎక్కువ. కొందరి చేతుల్లో పోపుల వాసన వేసే కవర్లు, ఒకాయన చేతిలో చిన్నపిల్లల హార్లిక్స్ సీసా. ఎవరి మొహం చూసినా ఇంట్లో గొప్ప రహస్యం బయటపెట్టి వచ్చిన విజయగర్వం. నా ఒక్కడికే నిజం తెలుసు. మధ్యాహ్నం రెండు దాటాక నా వంతు వచ్చింది. చలానా మీద మా ఆవిడ పేరు, ఖాతా నంబరు, వెయ్యి నోట్లు ఇన్ని, అయిదు వందల నోట్లు ఇన్ని అని నా దస్తూరీతో రాసి ఉంది. కౌంటర్‌లో కుర్రాడు నోట్లు మెషీన్‌లో పెడుతూ అలవాటుగా అడిగాడు.

"ఎవరి డబ్బండీ?"

ఎంత సేపు ఆలోచించినా ఆ ప్రశ్నకు చట్టప్రకారం ఒక్కటే జవాబు.

"మా ఆవిడదండీ."

"అదృష్టవంతులు సార్" అన్నాడు. రసీదు చేతిలో పెట్టాడు.

నెల తిరక్కుండా ఆ డబ్బు ఫిక్సెడ్ డిపాజిట్ అయింది. కాగితాలు నాచేతే నింపించింది. నామినీ దగ్గర ఆగి చూస్తే, "మీ పేరే రాయండి. నా తర్వాత మీకే కదా" అంది. నా ఇరవై నాలుగు వేలు నాకు తిరిగి రావాలంటే ఎవరు ముందు పోవాలో ఆ రోజే తేలిపోయింది.

ఇలాంటి దెబ్బ తిన్నాక మగాడన్నవాడు బుద్ధి తెచ్చుకోవాలి. నేను చోటు మార్చాను. కొత్త నోటు రెండు వేలది కావడం నాకు కలిసొచ్చింది. పాత ఎత్తులో సగం ఎత్తుకే అంత డబ్బు. కాకపోతే క్యూఆర్ కోడ్‌లు వచ్చి మా ఇద్దరి పొట్టా కొట్టాయి. కొత్తిమీర కట్ట అమ్మే ముసలమ్మ కూడా ఫోన్‌లో తీసుకుంటుంటే ఆవిడకి రైతుబజారు మిగులు పోయింది. పంక్చర్ వేసే కుర్రాడు బండికి బోర్డు తగిలించుకుంటే నాకు సాక్ష్యం తయారైంది. అయినా పెళ్లిళ్లకు కవరులో నోటే పెట్టాలి కదా, ఆ దారి తెరిచే ఉంది. ఈసారి పుస్తకాల అల్మరా జోలికి పోలేదు. అటక మీద అట్టపెట్టెలో నా పాత పద్దుల పుస్తకాలున్నాయి. రాసినవాడు తప్ప ఇంకొకడు చదవని సాహిత్యం ప్రపంచంలో ఏదైనా ఉంటే అవే. మొదటి సంపుటం, 1994, ఆగస్టు పేజీలు. ఏడాదికి రెండు మూడు చొప్పున పదహారు నోట్లు చేరాయి. దసరాకి దాన్ని ఎవరూ పూజించరు.

2023 మే 19, శుక్రవారం సాయంత్రం. మా ఆవిడ హాల్లో దుప్పటి పరిచి ఆవకాయకు ముక్కలు తుడుస్తోంది. అమ్మాయికి హైదరాబాద్ పంపాలి, అబ్బాయికి హాస్టల్‌కి ఒక సీసా. నేను టెంక జీడి తీసి అందిస్తున్నాను. టీవీలో అడుగున అక్షరాలు పరిగెత్తాయి. రిజర్వు బ్యాంకు రెండు వేల నోటును వెనక్కి తీసుకుంటోందట. ఏడేళ్ల అనుభవం ఊరికే పోలేదు, నా మొహంలో ఒక్క కండరం కూడా కదలనివ్వలేదు. జీడి తీస్తూనే ఉన్నాను.

"అటక ఎక్కకండి" అంది మా ఆవిడ, ముక్క తుడుస్తూనే. "మోకాళ్ల నొప్పులు మీకు."

"నేనెందుకు ఎక్కుతాను?"

"పదహారూ సంక్రాంతికి ముందే నా ఖాతాలో వేసేశాను. నామినీ మీరే."

కాసేపటికి గొంతు పెగిలింది. "నీకెలా తెలిసింది?"

"మీరు రాసేవి నేను కాక ఇంకెవరు చదువుతారండీ? మీ పుస్తకంలో ఇతర ఖర్చులు పెరిగినప్పుడల్లా ఇంట్లో ఎక్కడో కట్ట పెరుగుతోందని లెక్క. అది ఎక్కడని వెతుక్కోవడమే నా పని. స్కూటర్ అమ్మేసి కారు కొన్నాక కూడా ఏడాదంతా స్కూటర్‌కి పంక్చర్లు వేయించారు చూడండీ, అప్పుడే అటక ఎక్కాను." ఇంకో ముక్క తీసుకుంది. "ఇంకొక్క మాట. మీ సెక్షన్ పెద్దాయన కూతురికి ఇకనైనా పెళ్లిళ్లు ఆపండి. ఇప్పటికి మూడయ్యాయి పాపం."

రెండు వేల నోట్లు బ్యాంకుల్లో మార్చుకోవడానికి సెప్టెంబర్ 30 దాకా గడువిచ్చారు. తర్వాత దాన్ని అక్టోబర్ 7 దాకా పొడిగించారు. మా ఇంట్లో ఆ గడువుతో ఎవరికీ పని పడలేదు.